బదులివ్వని అంకె

పోయిన వారం మా ఇంట్లో కొత్త గీజరు పెట్టించాము. ఎర్రబల్బు ఆరితే నీళ్ళు కాగినట్టే అని చెప్పి, పెట్టిన మనిషి వెళ్ళిపోయాడు. నేను బల్బును నమ్మక కొళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. వెనక నుంచి మా ఆవిడ, "మా నాయన పోయినా ఆ చాదస్తం నీలో బతికే ఉండాది" అంది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇన్నేళ్ళ కాపురంలో నాకింకా తేలలేదు.

ఆమె నాయన, అంటే మా మామ, బంగారు గనులు మూతపడేదాకా గనిలోకి దిగే బావి మీద ఇంజను డ్రైవరు. మనుషుల్ని కిందికి దించే ఇనుప పంజరాన్ని, మేము కేజి అంటాము, ఆయన నడిపేవాడు. కింద నుంచి ఎన్ని గంటలు మోగితే పైనుంచి అన్నే కొట్టి బదులివ్వాలి. బదులు లేనిదే కేజి కదలకూడదు. గనులు పోయినా ఆ అలవాటు పోలేదు. "రేపు రాబర్ట్‌సన్‌పేటకు పోదాం మామా" అంటే, "రేపు, రాబర్ట్‌సన్‌పేటకు" అని తిరిగి అప్పజెప్పేవాడు. చర్చిలో పాస్టరు వెనకాల ఈయన ఆమెన్ గట్టిగా వినబడితేనే ప్రార్థన పైకి కదులుతుందని మా లైన్లలో వేళాకోళం. ఆ వేళాకోళం పుట్టించింది నేనేననుకోండి.

గనులు మూసిన కొన్నేళ్ళకు బంగారుపేట రోడ్డులో ఒక చిన్న షెడ్డు వెలిసింది. ఉపగ్రహాల్లో బిగించే పెట్టెల్ని అక్కడ పరీక్షించేవాళ్ళు. మనిషి పట్టేంత ఉక్కు పీపాలో పెట్టెను ఉంచి, గాలంతా లాగేసి, ఒక పూట కాల్చడం, ఒక పూట గడ్డకట్టించడం. ఆకాశంలో దాని బతుకు అంతే గనక. మామకు అక్కడ పని దొరికింది. ఎనిమిదో తరగతితోనే బడికి దండం పెట్టేసిన నన్నూ తన వెంట చేర్పించాడు. పెట్టెకు హీటర్లు అమర్చి, ఒక్కో హీటరు పక్కన వేడి ఎంతో చెప్పే సన్న తీగ అతికించడం నా పని. ఆ తీగ పంపే అంకెను బట్టే మిషను హీటరుకు కరెంటు ఇస్తుంది, ఆపుతుంది. తీగ ఊడి వేలాడితే, పెట్టె ఇంకా చల్లగానే ఉందనుకుని ఇస్తూనే పోతుంది. గాలి లేనిచోట వేడి తప్పించుకోవడానికి దారి తక్కువ. లోపల పెట్టె మాడిపోతూ ఉంటుంది, బయట అంకె మాత్రం నిమ్మళంగా కూచుని ఉంటుంది.

అందుకని మామ ఒక పద్ధతి పెట్టాడు. గాలి లాగాక, అసలు పరీక్షకు ముందు, ఒక్కో హీటరునూ కాసేపు వేసి దాని అంకె పెరుగుతుందా, ఆపితే దిగుతుందా అని చూడాలి. పన్నెండు హీటర్లు. దీనివల్ల నాకు తప్పిపోయిన సాయంకాలం బస్సులన్నీ వరసగా నిలబెడితే ముళబాగిలు దాకా ఉంటాయి. ఒకసారి ప్రాణం విసిగి, "మామా, అది నీ కేజి కాదు. లోపల మనుషులు లేరు" అన్నాను. "చేసినోళ్ళ మూడేండ్లు లోపల ఉండాయి కదప్పా" అన్నాడు, అంకె మీంచి చూపు తిప్పకుండానే.

ఒకసారి బెంగళూరు నుంచి ఒక ఇంజినీరమ్మ పెట్టె తెచ్చింది. గాలి లాగడానికే ఒక రోజు పట్టింది. పదకొండు అంకెలు కదిలాయి. పన్నెండోది ఇరవై నాలుగు దగ్గరే ఉండిపోయింది. మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ పక్కన నేనున్నాను.

మేనేజరు వచ్చాడు. "ఇరవై నాలుగు చూపిస్తా ఉండాది కదా, ఇంగేమి కావాల?"

"చూపిస్తా ఉండాది సార్. బదులు చెప్పలే."

"ఇప్పుడు తెరిస్తే రెండు దినాలు పోతాయి. ఆ యమ్మకు ఎవురు చెప్పేది, నువ్వా?"

మామ హీటర్ల ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని స్టూలు మీద కూచున్నాడు. చేసేది లేక గాలి వదిలి తలుపు తెరిచారు. పన్నెండో తీగ ఊడి వేలాడుతోంది. హమ్మయ్య, ముసలాయన గెలిచాడనుకున్నాను. మేనేజరు లోపలికి తొంగిచూసి, "ఇది గాలి వదిలిన దెబ్బకు ఊడింది. ముందు బాగానే ఉండింది. ఊరికే రెండు దినాలు పోగొట్టినాడు" అన్నాడు. పెట్టె కాలి ఉంటే అందరికీ కనబడేది. కాలకుండా ఆపినదాన్ని ఎవరికి చూపించాలి? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మేనేజరు నా వైపు తిరిగాడు. "అతికించింది నువ్వే కదా. ముందే ఊడిందా, గాలికి ఊడిందా?"

ముందే ఊడిందంటే తప్పు నాది. గాలికి అంటే మామది. "గాలి పాఠం చెప్పిన దినం నేను బడికి పోలేదు సార్" అన్నాను. అందరూ నవ్వారు, ఇంజినీరమ్మ కూడా. మామ ఒక్కడే నవ్వు ఆగేదాకా నన్నే చూసి, ఫ్యూజు తీసి బల్ల మీద పెట్టాడు.

తీగ మళ్ళీ అతికించాము, పరీక్ష బాగా జరిగింది, పెట్టె వెళ్ళిపోయింది. ఆ నెలాఖరుకు మామను ఇంక రావద్దన్నారు. నేను ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్కడే చేశాను. ఆయన ఆ సంగతి నన్నెప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఇంకో జోకు వేసి ఉండేవాణ్ణేమో, నా మీద నాకున్న కోపమంతా అందుకే. నిజం చెప్పడానికి ఆ రోజు ఒక్క నిమిషం చాలు. తర్వాత నాకు ఇన్నేళ్ళు వచ్చాయి గానీ, అందులో ఆ నిమిషం లేదు.