తులాభారానికి తగ్గమన్నారు

ఆ రోజుల్లో మా హిందూపురం ఇళ్ళలోకి పెద్ద ఫోన్లు వచ్చాయి గానీ బరువు చూసుకునే మిషన్లు ఇంకా రాలేదు. ఎవరు లావెక్కారో, ఎవరు చిక్కారో రవికె కుట్లు చెప్పాలి, లేదంటే చుట్టాలు చెప్పాలి. కుట్లే కాస్త మర్యాదగా చెప్పేవి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పుట్టినప్పుడు బతకదనుకున్న పిల్లను, చల్లగాలి తగిలితే జ్వరం తెచ్చుకునే పిల్లను. అందుకే నాయన నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పాడు, అవ్వ పూజలు నేర్పింది, అమ్మ తినిపించింది. ఆ ముగ్గురి దయా నా ఒంటి మీద స్పష్టంగా కనిపించేది.

పసికందుగా నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు అవ్వ మా ఇలవేల్పు నరసింహస్వామికి మొక్కుకుంది. పిల్ల బతికితే తులాభారం, దాని బరువుకు బెల్లం. ఏడాదికొక అడ్డం వచ్చి ఆ మొక్కు ఇరవై రెండేళ్ళు ఆగింది. (స్వామి ఓపిక గలవాడు. ఆయన ఆగినకొద్దీ నేను పెరిగాను.) చివరికి పెనుకొండ దగ్గరున్న ఆ గుడిలో రెండు నెలల తర్వాత చేద్దామని ముహూర్తం పెట్టుకున్నారు. బెల్లం ఎంత తేవాలో తెలియాలి కదా అని నాయన తాను పనిచేసే చింతపండు మండీకి తీసుకెళ్ళి నన్ను కాటా ఎక్కించాడు. డెబ్భై ఆరు కేజీలు. ఆ అంకె ధర్మవరంలో ఉన్న మా మేనత్తకు ఎలా చేరిందో, మరుసటి రోజు బస్సుకే ఆమె దిగింది.

"ఏమ్మే, తక్కెడలో నువ్వొక పక్క కూచుంటే ఇంకో పక్క బెల్లం అచ్చులు ఏస్తానే ఉండల్ల. వచ్చినోళ్ళంతా ఒకటీ, రెండూ అని ఎంచుతారు. మళ్ళ మేము తలెత్తుకోని యాడ తిరగల్ల?" అంది.

తగ్గాలని తీర్మానమైంది. ఎలా అన్నదే తేలలేదు. వదిన ఫోనులో ఒకామెను చూపించి ఓట్సు అంది. పెనుకొండ చిన్నమ్మ కొర్రన్నం అంది. అత్త పండ్లు, ఉడకేసిన కూరగాయలు తప్ప ఏదీ ముట్టవద్దంది. వాటిలో నాకేది సరిపడుతుందని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ప్రేమగా పెట్టింది కళ్ళకద్దుకుని తినాలని పెరిగినదాన్ని, ఒకరి మాట విని ఇద్దరిని నొప్పించడం నా వల్ల కాలేదు. అందుకని మూడూ చేశాను. పొద్దున వదిన ఓట్సు, పదింటికి అత్త చెప్పిన బొప్పాయి, మధ్యాహ్నం చిన్నమ్మ పంపిన కొర్రన్నం. రాత్రి అమ్మ, "పాపం, దినమంతా డైటే చేస్తాంది పిల్ల" అని జాలిపడి సంగటి ముద్ద, చెనక్కాయల చట్నీ పెట్టేది. మూడు వారాల తర్వాత మళ్ళీ కాటా ఎక్కితే డెబ్భై తొమ్మిది. తూకం చూసే ఆయన అంకె చదివి, "డైటు నీకు బాగా పట్టినట్టుండాది పాపా" అన్నాడు.

దాంతో అత్త మా ఇంట్లోనే మకాం వేసింది. రెండు జామకాయలు, ఉడికిన బీన్సు, పొద్దు గూకితే వేడినీళ్ళు. అబద్ధమెందుకు, నాలుగు కేజీలు తగ్గాను. కానీ దీపం పెట్టి కళ్ళు మూసుకుంటే స్వామి ముఖం రావడం మానేసి, ఆయన ముందున్న నైవేద్యం రాసాగింది. ఒక శనివారం మూడుసార్లు గోవిందా అన్నాను. నాలుగోసారి ఏమన్నానో నాకు తెలియదు. "ఓళిగలు అన్న్యావు" అని అత్త సాక్ష్యం చెప్పింది. దేవుణ్ణి వదిలి బొబ్బట్లను పిలిచానన్నమాట. ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ప్రాణం పోసినవాడికి దండం పెట్టడానికి కూడా మనసు నిలవకపోతే ఈ తగ్గడం ఎవరి కోసమని వెళ్ళి అవ్వ పక్కన కూర్చున్నాను.

అవ్వ చెనక్కాయలు ఒలుస్తూనే చెప్పింది. "ఆ పొద్దు నిన్ను చేతిలో పెట్టుకుంటే బరువే తెలీల్యా. సామీ, నా చేతికి బరువు తెలిసేట్టు చెయ్యి అని ఏడిస్తి. చేసినాడు. ఇప్పుడు ఆయప్ప దగ్గరకు పోయి, నువ్వు ఎక్కువ చేసినావు, మేము కొంచిం తగ్గించుకోని వచ్చినామంటామా?"

మరుసటి పొద్దున వంటింట్లో కూర్చుని అమ్మతో సంగటి పెట్టించుకున్నాను.

"ముద్ద తింటాండావా? ఇంకా ఇరవై దినాలుండాది" అంది అత్త.

"ఉండనీ అత్తా. మొక్కు తీరినంక తగ్గుతా. నాకేది పడుతుందో నేనే చూసుకుంటా. అంతవరకూ ఒక్క గ్రాము కూడా తగ్గను."

"ఊరంతా నవ్వుతారు."

"నవ్వనీ. నేను బతికినా కాబట్టే గదా నవ్వుతారు."



గుడిలో అత్త చెప్పినట్టే జరిగింది. అచ్చు పడిన ప్రతిసారీ చుట్టాలు పైకే లెక్కపెట్టారు. ముప్పై దాటేసరికి వెనక నుంచి కిసకిసలు మొదలయ్యాయి. నా తట్ట నేలను వదల్లేదు. పూజారి మొహమాటంగా నా వైపు చూశాడు. "వెయ్యండి సామీ, ఇంకా వెయ్యండి" అన్నాను, గుడంతా వినపడేలా. చివరికి తట్ట లేచి పాదాలు గాలిలో తేలినప్పుడు నాకు సిగ్గు వేయలేదు. ఇంత మనిషిని ఇచ్చావా తండ్రీ అనిపించింది. ప్రసాదం పంచుతుంటే మొదటి ముక్క నోట్లో వేసుకుంది అత్తే.

ఆ తర్వాత తగ్గాను, ఎవరికీ చెప్పకుండా, నాకు పడే విధంగా. సంగటి మానలేదు, రెండు ముద్దల చోట ఒకటి చేశాను. పొద్దు గూకకముందే తిని, సందు చివరిదాకా పదిసార్లు నడిచాను. ఆకలి అణగేది, మనసు దేవుడి దగ్గర నిలిచేది. ఏడాదిన్నర పట్టింది. లెక్కపెట్టడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఇప్పుడు నాకు ముప్పై దాటింది. తగ్గిందాంట్లో సగం మళ్ళీ వచ్చింది. పెళ్ళిళ్ళలో ఫోటో అంటే చాలు, నాకు తెలియకుండానే జరిగి వదిన వెనక సగం దాక్కుంటున్నాను. అప్పుడు తక్కెడలో కూర్చుని ఇంకా వెయ్యండన్న ఆ పిల్ల గుర్తొచ్చి, నవ్వుకుని, ఒక అడుగు ముందుకు వేస్తాను. (ఒక్క అడుగే.)