యారాడ సభలో ఆరని బల్బు

మా ఆవిడ అక్క వరహాలమ్మ వదిన గంప బేరం నిలబెట్టడానికి యారాడ వెళ్లాను. ఆవిడ అక్కడి ఒడ్డున చేపలు కొని, గంప నెత్తినెట్టుకుని కొండ దాటి వన్ టౌన్‌లో అమ్ముతుంది. ఇప్పుడెవరో షావుకారు ఐసు పెట్టెల లాంచీతో దిగి, పడిన చేపంతా తనకే పోయమంటున్నాడు. ఆదివారం ఊరి సభలో తేలుస్తారట. ఆ సభలో నోరెత్తనివాళ్లు ఒప్పుకున్నట్టే లెక్క. ఆడవాళ్లు ఎన్నడూ నోరెత్తలేదు కాబట్టి అన్నిటికీ ఒప్పేసుకున్నవాళ్లు వాళ్లే.

నా చదువు ఎనిమిదో తరగతి దగ్గరే చతికిలబడింది గానీ, పోర్టులో వైర్‌మన్‌ని. చెక్కమీద పన్నెండు టార్చి బల్బులు బిగించి, ఒక్కోదానికి పొడుగు వైరుతో స్విచ్చి పెట్టాను. మాట్లాడదలచినవాళ్లు వేస్తే వెలగాలని మొదటి ఆలోచన. మా క్వార్టర్స్ మీటింగులో చూస్తే రోజూ వాగేవాళ్లవే వెలిగాయి. దాంతో తిరగేశాను. ముందు అన్నీ వెలుగుతాయి. మాట్లాడినవాళ్లు తమది ఆర్పుకోవాలి. సాగదీసేవాళ్ల కోసం ఒక బజరు, దాని మీట నా కాలికింద. ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం ఉదయం ఆరింటికి సిటీబస్సు, అరవై పైసలు. వన్ టౌన్ రేవులో పడవకి పావలా. యారాడ పడవవాడు చెక్కకి కూడా పావలా అడిగాడు. అది మనిషేటయ్యా, నోరు కూడా లేదన్నాను.

“నోరెత్తకపోతే ఒప్పుకున్నట్టే బావా. తియ్యి.”

కొండ ఎక్కి దిగేసరికి ఎనిమిదిన్నర, చొక్కా పిండితే బిందె నిండేది. తొమ్మిదింటికి వలల పాకలో సభ. ఎనిమిదిమంది పడవలవాళ్లు, నలుగురు గంపల ఆడవాళ్లు తలో స్విచ్చి పట్టుకున్నారు. ఊరిపెద్ద అప్పలస్వామి లాంచీని పొగుడుతుంటే మూడో పొగడ్త దగ్గర కాలు నొక్కాను. బజరు గుర్రుమంది, ఆయన కూలబడ్డాడు. మిగతావాళ్లు తలో మాట అనేసరికి మగవాళ్ల బల్బులన్నీ ఆరాయి. ఇక ముగిద్దామని ఆయన లేచి చెక్కవైపు చూశాడు.

“అయ్యేటి, ఇంకా ఎలగతన్నాయి?”

ఇంకా ఎవరూ అడగని మనుషులవని చెప్పాను. ముగ్గురు ఆడవాళ్లు తమ మాట వరహాలమ్మే చెప్తుందని ఆర్పేశారు. వదిన లేచింది. స్విచ్చి చేతిలోనే పట్టుకుంది.

“అల లేసిన్నాడు లాంచీ ఒడ్డుకి రాదు. మీ తెప్పలు వత్తాయి. ఆ సేపల్ని కొండెక్కించేదెవులు? ఇయ్యాల గంప మానేత్తే, రేపు పిలిసినప్పుడు నానెక్కడుంటానో నాకే తెల్దు.”

అక్కడితో ఆగలేదు. పావుగంట మాట్లాడింది. అప్పలస్వామి నావైపు తిరిగాడు.

“ఆ బజరు మోగదేటి బావా?”

బ్యాటరీ అయిపోయిందన్నాను. ఆయన నా కాలికింది మీటవైపు చూశాడు.

“అయిపోనాది బ్యాటరీయా, నీ కాలా?”

పాకంతా నవ్వింది, వదిన తప్ప. గంపలవాళ్లు తీసుకున్నాకే మిగిలింది లాంచీకని, ఈ సీజనుకి అలా చూద్దామని తేలాక గానీ ఆవిడ బల్బు ఆర్పలేదు.

చెక్కని వాళ్లే ఉంచుకున్నారు. బజరు మాత్రం ఊడదీసి నా చేతిలో పెట్టారు. తిరుగుదారిలో కొండమీద కూర్చుని ఊరివైపు చూశాను. నా జీవితంలో మనుషుల్ని ఉడికించడానికే చాలా వైర్లు కలిపాను. వాటిలో ఒకటి మనిషిని మాట్లాడించిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. వచ్చే సభకి మిగతా ఆడవాళ్లు కూడా స్విచ్చీలు కావాలన్నారు. ఇంకో చెక్క బిగిస్తున్నాను.

యారాడ వెళ్లేవాళ్లు నీళ్లు వన్ టౌన్‌లోనే నింపుకోండి, కొండమీద చుక్క దొరకదు. చేతిలో సామానుంటే పడవ ఎక్కకముందే నోరెత్తండి. లేకపోతే ఇంకో పావలా.