జడలావిడ మంచిదైపోయిన ఆదివారం

మా ఇంట్లో సెన్సారు బోర్డు నేనే. నేను చదివింది ఏడో తరగతి, అదీ సగం. మిగతా చదువంతా మా ఊరి సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపుతూ పూర్తి చేశాను. ఆ హాలు ఇప్పుడు రొయ్యల మేత గోడౌను అయిపోయింది. నేను పొద్దున పూట పెసరట్ల బండి పెట్టుకున్నాను. అయినా సినిమాల మీద ఏ సందేహం వచ్చినా ఇంట్లోవాళ్లు నన్నే అడుగుతారు. అడక్కపోయినా చెబుతాను.

మనవరాళ్లు ఇద్దరు. పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఐదు. మా అమ్మాయి బడిలో టీచరు, రెండు వీధుల అవతల ఉంటుంది. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని మా దగ్గర దింపి, వారమంతా మిగిలిన పనులు చేసుకుని సాయంత్రం వచ్చి తీసుకెళుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక దెయ్యం సినిమా వెయ్యాలని పిల్లల పట్టుదల. ఇంత చిన్నవాళ్లకి దెయ్యాలెందుకే అంటే పెద్దది నన్ను జాలిగా చూసి, క్లాసులో అందరూ చూసేశారని చెప్పింది.

అంతకుముందు ఒకసారి నా పరువు పోయింది. కామెడీ దెయ్యం అని చెప్పి ఒక సినిమా వేశాను. అందులో దెయ్యం ఇంటర్వెల్ దాకానే కామెడీ చేసింది. ఆ తర్వాత పది రోజులు పెద్దది వాళ్లమ్మ చున్నీ పట్టుకోకుండా బాత్రూంకి వెళ్లలేదు. దాంతో మా అమ్మాయి నన్ను ఎదురుగా కూర్చోబెట్టి రూల్సు చెప్పింది. పిల్లలు భయపడొచ్చు, కానీ భయపడ్డ వెంటనే నవ్వు రావాలి. రాత్రి పక్క తడవకూడదు.

అప్పట్నుంచీ నా పరీక్షలు మొదలయ్యాయి. బండి కడిగేసి, అన్నం తిని, తలుపేసుకుని ఒక్కణ్నే దెయ్యం సినిమాలు చూసేవాణ్ని. యాభై ఎనిమిదేళ్ల మనిషి పట్టపగలు బొమ్మల సినిమాకి దుప్పటి కప్పుకుంటున్నాడని మా ఆవిడ పక్కింటావిడతో చెప్పుకుని నవ్వింది. కళ్లు తిప్పే బొమ్మ ఉన్న సినిమాని తీసేశాను, మా టీవీ పక్కన కొండపల్లి బొమ్మ ఉంది కాబట్టి. తల్లి చచ్చిపోయే సినిమాని తీసేశాను; అందులో దెయ్యం లేకపోయినా అది దెయ్యం సినిమానే. ఇంకోదాంట్లో దెయ్యం బాగానే ఉంది గానీ వెనక వాయించిన వాయిద్యానికి నా చేతిలో రిమోట్ కింద పడింది.

చివరికి ఒకటి దొరికింది. అందులో ఒక చెరువు, చెరువు అడుగున పొడుగు జుట్టు ముసలి దెయ్యం. ఒంటరిది, పాపం. పిల్లలు నీళ్లలో పోగొట్టుకున్న బంతులూ చెప్పులూ ఏరి దాచిపెడుతుంది. మెట్టు మీద తీపి ఏదైనా పెట్టి మర్యాదగా అడిగితే తిరిగి ఇచ్చేస్తుంది. ఆఖరికి పిల్లలందరూ కూర్చుని దానికి జడ వేస్తారు. రెండుసార్లు చూశాను. రెండోసారి కళ్లు చెమర్చాయి. రోజూ ఉల్లిపాయలు తరిగేవాణ్ని కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మా ఇంటి వెనక కాలవ ఉంది. గోదారి జిల్లాల్లో కాలవలకి కంచె వెయ్యరు, దెయ్యాన్ని వేస్తారు. ఖర్చుండదు, తుప్పు పట్టదు. కాలవ గట్టున ఉన్న ప్రతి తల్లీ తన రేవులో ఒక దెయ్యాన్ని కాపలా పెట్టుకుంటుంది. మా రేవులో ఉన్నది జడలావిడ. నీళ్లలో ఊగే నాచంతా ఆవిడ జుట్టేనట. మూడో మెట్టు దిగితే కాలు పట్టి లాగేస్తుందని మా అమ్మ నాకు చెప్పింది, నేను మా అమ్మాయికి చెప్పాను, మా ఆవిడ మనవరాళ్లకి చెప్పింది.

వేసవిలో కాలవ కట్టేసినప్పుడు జడలావిడకి సెలవులు. ఎండిన కాలవలో పిల్లలు దిగి ఆడుకుంటారు, ఎవరూ ఏమీ అనరు. ఆ వేసవి మా చిన్నది తూము కింద వంటిల్లు పెట్టింది. ఇసుక అన్నం, ఆకుల కూర, గులాబీ రంగు ప్లాస్టిక్ కుక్కరు. నీళ్లు వదిలిన రోజు ఆ కుక్కరు అక్కడే మర్చిపోయింది. ఎర్రనీరు వచ్చి పట్టుకుపోయింది. పిల్ల రెండు రోజులు ఏడిస్తే ఊరుకోబెట్టడానికి నేనే అన్నాను, జడలావిడకి కుక్కరు లేదట, తీసుకుని ఉంటుందని. మా ఇంట్లో నేనన్న ప్రతి మాటా జోకు కిందే లెక్క. ఐదేళ్ల పిల్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆదివారం ఈ సినిమా వేశాను. పెద్దది ఒకసారి కెవ్వుమని వెంటనే నవ్వింది, రూలు ప్రకారం. చిన్నది రెప్ప వెయ్యకుండా చూసింది. అంతా అయ్యాక ఒకటే అడిగింది, ఆవిడకి ఏం తీపి ఇష్టమని. ఏదైనా ఇష్టమేనన్నాను. సాయంత్రం మా అమ్మాయి వచ్చి, ఇన్నాళ్లకి మంచి సినిమా వేశావు నాన్నా అంది. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మరుసటి ఆదివారం పదకొండింటికి నేను కుళాయి దగ్గర పెనం తోముతున్నాను. పెద్దదాన్ని తీసుకుని మా ఆవిడ చేపలకి వెళ్లింది. చిన్నది లోపల రంగులు వేసుకుంటోంది. తువ్వాలు కోసం లోపలికి వెళితే పూతరేకుల డబ్బా మూత నేల మీద ఉంది. పెరటి తలుపు బార్లా తీసి ఉంది.

పరిగెత్తాను. రేవు మెట్లు ఎన్నో నీళ్లలో మునిగిపోయాయి. పైకి కనిపిస్తున్న ఆఖరి మెట్టు మీద, నాచు పట్టిన మెట్టు మీద, అది గొంతుక్కూర్చుని ఉంది. గౌను అంచు నీళ్లలో ఆడుతోంది. చేతిలో బాదం ఆకు, ఆకులో పూతరేకు. ఆ చెయ్యి నీళ్ల మీదికి చాపి, బళ్లో టీచరుతో మాట్లాడినంత మర్యాదగా అడుగుతోంది.

"ఏవండీ జడలావిడగారూ, ఇది తీసుకుని నా కుక్కర్ ఇచ్చేయండి."

నాకూ దానికీ మధ్య పది అడుగులు. నా కాళ్లు కదల్లేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకు ఈత రాదు. కాలవ పక్కన పుట్టి, కాలవ పక్కనే ముసలాణ్నయిపోతున్నా మూడో మెట్టు ఎన్నడూ దిగలేదు. మా అమ్మ పెట్టిన కాపలా యాభై ఏళ్లయినా నామీద పనిచేస్తూనే ఉంది. నేను ఎంతో శ్రద్ధగా వెతికి తెచ్చిన సినిమా ఆ కాపలాని ఈ పిల్ల దగ్గర ఒక్క మధ్యాహ్నంలో తీసిపారేసింది. దెయ్యంలో భయం ఎంతుందో కొలిచాను గానీ మంచితనం ఎంతుందో కొలవాలని నాకు తట్టలేదు.

అరిస్తే ఉలిక్కిపడి జారుతుంది. దిగితే నేనే జారతాను. ఒంట్లో ఇంకా పనిచేస్తున్నది నాలుక ఒక్కటే.

"ఆవిడ ఊళ్లో లేదమ్మలూ," అన్నాను.

అది వెనక్కి తిరక్కుండానే అడిగింది, "ఎక్కడికెళ్లింది?"

"పెద్దాపురం. మరిడమ్మ తీర్థానికి."

"బస్సులోనా?"

"బస్సులోనే. జడంతా తడి కదా, పక్కన ఎవరూ కూర్చోనివ్వలేదు. పాపం, నిలబడే వెళ్లింది."

దానికి నవ్వొచ్చింది. చేతిలో ఆకు ఊగింది. "మరి నా కుక్కర్?"

"ఇంటి తాళం నాకిచ్చి వెళ్లింది. పైకి రా, ఇస్తాను."

లేచింది. తిరగబోతుంటే కాలు సర్రున జారింది. మోకాలు మెట్టుకి కొట్టుకుంది, పూతరేకు నీళ్లలో పడింది. నేను చూస్తుండగానే అది పొర పొరగా విడిపోయి, కనిపించకుండా పోయింది. పిల్ల మాత్రం రెండు చేతులూ పై మెట్టు మీద ఆన్చి, దోగాడుతూ ఎక్కి వచ్చింది. దాని చెయ్యి పట్టుకున్నాను. నొప్పేస్తోంది తాతయ్యా అని అది అనేదాకా ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకు తెలియలేదు.

చేపల సంచితో వచ్చిన మా ఆవిడ నా మొహం చూసి, తడి గౌను చూసి, వెళ్లి పెరటి తలుపు గడియ పెట్టింది. ఆవేళ చేపల పులుసు ఎవరికీ సహించలేదు.

సాయంత్రం మా అమ్మాయికి నేనే చెప్పాను. దాచినా దాగదు, చిన్నదాని నోట్లో నువ్వుగింజ నానదు. మా అమ్మాయి మొహంలో నెత్తురు లేదు. పిల్ల మోకాలు చూసింది, చేతులు చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"చూస్తూ నిలబడ్డావా? పుష్కరాల్లో గోదారి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదానని చెప్పేవాడివి కదా నాన్నా."

చెప్పేవాణ్ని. ఒక్కోసారి మొసలి కూడా ఉండేది అందులో. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ గోదారి మీద చేపలు పట్టే ఇంట పుట్టింది, నడక రాకముందే ఈత నేర్చింది. నా సంగతి ముప్పై ఐదేళ్లుగా కడుపులో దాచుకుంది.

"మీ నాన్నకి ఈత రాదే," అంది మెల్లగా.

మా అమ్మాయి కుర్చీలో కూలబడింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. "అంటే ఇన్నేళ్లూ నేను నీకు ఈత వచ్చన్న ధైర్యంతోనే పిల్లల్ని ఈ కాలవ పక్కన వదిలి వెళ్లాను," అంది. నాకు జోకు రాలేదు. పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది.

రెండు ఆదివారాలు వాళ్లు రాలేదు. టీవీ పెట్టలేదు. పెరటి తలుపుకి నా తల ఎత్తున ఇంకో గడియ కొట్టించాను. మూడో ఆదివారం మా అమ్మాయి పిల్లల్తో వచ్చి, గుమ్మంలోనే నిలబడి ఒకటే రూలు చెప్పింది. చిన్నదానికి నిజం చెప్పాలి. నా నోటితోనే చెప్పాలి.

దాన్ని రేవు దగ్గరికి తీసుకెళ్లి, పై మెట్టు మీద పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. వెనక మా అమ్మాయి నిలబడి ఉంది.

"ఆవిడ తీర్థం నుంచి వచ్చేసిందా తాతయ్యా?"

"ఆవిడ లేదమ్మా. ఎప్పుడూ లేదు. మా అమ్మ నాకు అబద్ధం చెప్పింది, నేను నీకు చెప్పాను."

"మరి నా కుక్కర్ ఎవరు తీశారు?"

"నీళ్లు."

"అడిగితే ఇస్తాయా?"

"ఇవ్వవు. వాటికి చెవుల్లేవు."

అది కాలవ వంక చూసింది. ఎక్కడిదో కొబ్బరి మట్ట ఒకటి ఆగకుండా కొట్టుకుపోతోంది. దాన్ని చూపులోంచి పోయేదాకా చూసి, నా వేలు పట్టుకున్న పిడికిలి బిగించింది.

"అయితే లోపల ఎవరూ లేరా?"

"ఎవరూ లేరు."

"లోపలికి పోదాం తాతయ్యా," అంది చిన్నగా. ఏ దెయ్యం సినిమాలోనూ దాని మొహం అలా అవడం నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం టీవీ పెట్టబోతే వద్దంది. మా ఆవిడ వసారాలో కూర్చుని, నడుముకి కట్టుకుని నీళ్లలో తేలడానికి ఎండు కొబ్బరికాయల్ని జతలు జతలుగా తాడుతో కడుతోంది. మా తోటలో మోటారు కింద తొట్టి ఉంది, నడుం లోతు నీళ్లు. ఈత అక్కడ మొదలు పెడతానంది. ఒక జత పెద్దదానికి, ఒక జత చిన్నదానికి. మూడో జతకి తాడు చాలా పొడుగ్గా వదిలింది. ఎవరికని నేను అడగలేదు. ఆవిడ లేచి వచ్చి, అందరి ముందూ నా నడుం కొలుచుకుని వెళ్లింది.