రెండు గుంపుల మధ్య మా రజియా అక్క

నిన్న మధ్యాహ్నం యూసుఫ్ భాయ్ ఫోన్ చేశాడు. "మీ అక్క పోయింది తమ్మీ" అన్నాడు. అంతే. తర్వాత ఏడుపే వినబడింది.

ఇంకా షాక్‌లోనే ఉన్నాను.

రజియా అక్క ఇంట్లో మేం కిరాయికి ఉండేవాళ్ళం. తొంభైల్లో మా గగన్‌పహాడ్‌లో ఒక చిన్న పార్టీ పుట్టింది. జనం 'నీళ్ళ పార్టీ' అనేవాళ్ళు. పెట్టింది ఆవిడే.

ఊళ్ళోని రంగుల ఫ్యాక్టరీ వదిలే నీళ్ళతో బావులు పాడయ్యాయి. రైతులు ఫ్యాక్టరీ మూసేయమన్నారు. మూస్తే మేమేం తినాలని వర్కర్లు.

అక్క భర్త యూసుఫ్ భాయ్ అందులోనే వర్కర్. అక్క అన్న రైతు.

ఎటు మాట్లాడినా దెబ్బ సొంతవాళ్ళకే.

ఒకరోజు మేనేజర్‌తో మాట్లాడదామని లోపలికి వెళ్ళింది. ఆమె వెనకే వర్కర్లు గేటుకి తాళం వేశారు.

"బంద్ చేపియ్యనని చెప్పు" అని లోపల వర్కర్లు చుట్టుముట్టారు.

"బంద్ చేపిస్తనని చెప్పు" అని బయట రైతులు. వాళ్ళలో ఆమె అన్న కూడా. కొందరి చేతుల్లో రాళ్ళు.

పొద్దంతా గేటు పక్క వాచ్‌మన్ గదిలోనే ఇరుక్కుపోయింది. నేను బయట నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాను.

ఎండ తగ్గాక కిటికీ చువ్వలు పట్టుకుని అరిచింది.

"కంపెనీ ఉండాలె. గానీ నీళ్ళు సాఫ్ చేసినంకనే బయటికి ఇడువాలె. లోపటోళ్ళకు గిదే చెప్పిన, మీకు గిదే చెప్తున్న. ఇగ సంపుతరా, సంపుండ్రి!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపటికి ఒక ముసలి వర్కర్ వచ్చి గేటు తాళం తీశాడు.

ఆ మాట మీదే పార్టీ పెరిగింది. మంఖాల్ దాకా మీటింగులు. మొదట్లో పార్టీని చూసి నవ్వినవాళ్ళే వచ్చి చేరారు. అక్క సర్పంచ్ అయింది. పెద్ద పార్టీలు పిలిచినా పోలేదు.

ఫ్యాక్టరీ వాళ్ళు నీళ్ళు శుభ్రం చేసే ట్యాంకు కట్టారు గానీ నడపలేదు. అక్క ఆఫీసుల చుట్టూ తిరిగి, అది నడిచేదాకా ఫ్యాక్టరీలో పని ఆపించింది. జీతాలు ఆగిన వర్కర్లు ఆమెను తిట్టడం మొదలుపెట్టారు. మళ్ళీ తెరిచాక అందరినీ తీసుకున్నారు, ఒక్క యూసుఫ్ భాయ్‌ని తప్ప.

సర్పంచ్ పదవికి రాజీనామా చేసెయ్యొచ్చు కదా అక్కా అన్నాను.

"యాడికి పోవాలె తమ్మీ? గెలిపిచ్చినోళ్ళు నావోళ్ళే, తిడ్తున్నోళ్ళు నావోళ్ళే. ఊపిరాడ్తలేదు. గానీ నేను జర పక్కకు జరిగిననుకో, మళ్ళ కొట్టుకుంటరు."

అక్క పక్కకు జరగలేదు. పదవి ముగిసేదాకా ఆ ఇరుకులోనే నిలబడింది.

పార్టీ తర్వాత చెదిరిపోయింది. బావులు మాత్రం మెల్లగా తేరుకున్నాయి.

ఈ ఉదయం పహాడీ షరీఫ్ దారిలో జనాజా వెళ్తుంటే, అప్పటి వర్కర్లూ రైతులూ భుజాలు మార్చుకుంటూ మోశారు. ముందు పక్క ఆమె అన్న.

ఇక ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు అక్కా. హాయిగా పడుకో. ఆ పైవాడు నీకు విశాలమైన చోటివ్వాలి.