డాబా మీద పెంచిన మేపుల్ చెట్టు

ఆకు రాలే కాలంలో చెట్టంతా ఎర్రబడే మేపుల్ ఫోటో చూసి, ఆన్‌లైన్‌లో గింజలు తెప్పించుకున్నాను. చలి తగిలితేనే మొలుస్తాయన్నారని ముందు ఫ్రిజ్‌లో పెట్టాను. మొలిచాక భవానీపురం ఎండకి గొడుగు కట్టి మరీ పెంచాను. ఎర్రటి కాడలు, వేళ్ళలా చీలిన ఆకులు చూసి తెగ మురిసిపోయాను.

ఈరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి కుండీల్లో ఉత్త కాడలే ఉన్నాయి.

"అత్తయ్యగారూ, నా మేపుల్ ఆకులేవండీ?"

"మేపులేంటమ్మా, అది ఎర్ర గోంగూర. లేతగా ఉందని పచ్చడి చేశా."

అమ్మినవాడికి ఫోన్ చేసి నిలదీస్తే, "మీ ఊరి వేడికి అలా మారుంటుంది మేడమ్" అన్నాడు! ఒళ్ళు మండిపోయింది. పచ్చడి బాగుందని మా ఆయన రెండోసారి వడ్డించుకుంటుంటే ఇంకా మండింది. బెజవాడ మనిషికి గోంగూరని మేపుల్ అని అంటగట్టినవాణ్ణి ఏం చెయ్యాలి? నవ్వకుండా చెప్పండి.