అక్కకు వినబడాలని అన్న స్తోత్రం

మందిరంలో అందరూ స్తోత్రం అంటారు. నేను పెదవులు మాత్రం కదిలిస్తాను. శబ్దం రాదు. తమ గొంతుల్లో నా గొంతు కలిసిపోయిందని పక్కనున్నవాళ్ళు అనుకుంటారు. ఇన్నేళ్ళుగా ఇలాగే నెట్టుకొస్తున్నాను. ఆ మాటను నేను ఒకసారి ఒక పనికి వాడుకున్నాను. అప్పటి నుంచి అది గుండెల మీద బండలా కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాననుకుంటాను. తెలిసినవాళ్ళ దగ్గర చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచి, వేరే ఏదో మాట్లాడి మూసుకున్నాను.

ముందు మా అక్క గురించి చెప్పాలి.

మాది ధర్మవరం. అమ్మ పోయేటప్పటికి నేను ఇంకా పలక పట్టలేదు. నాయన వేరే పెళ్ళి చేసుకుని రామగిరి వైపు వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. అక్క నాకంటే చాలా పెద్దది. మగ్గాలున్న ఇళ్ళలో పొద్దస్తమానం రాట్నం ముందు కూర్చుని పట్టుదారం కండెలకు చుట్టేది. ఆ కూలితోనే నన్ను చదివించింది. తను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "నిన్ను ఎవురికి ఇచ్చిపోవాల?" అని నవ్వేది. ఆ నవ్వు చూసి నేను మళ్ళీ అడగలేదు. అడగకపోవడం నాకు సుఖంగా ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది.

అమ్మ ఉన్నప్పుడే మా ఇల్లు ప్రభువును నమ్ముకుంది. అక్క భక్తి ఒక రకం. పని చేస్తూ చేస్తూ దేవుడితో గట్టిగా మాట్లాడేది. దారం తెగితే "ఏమప్పా, చూస్తా కూర్చున్యావా?" అని ఆయన్ను నిలదీసేది. దేవుణ్ణి 'ఆయప్ప' అనేది. నేను హిందూపురంలో ప్రైవేటు బడిలో పంతులమ్మనై, పెళ్ళై, సంఘంలో నలుగురి దృష్టిలో పడ్డాక నాకు అది చిన్నతనంగా తోచింది. ఒకసారి మా ఇంట్లో స్త్రీల కూడిక జరుగుతుంటే అందరి ముందూ అన్నాను, దేవుడితో అలా మాట్లాడకూడదక్కా అని. అక్క తలూపింది. ఆ తర్వాత ఆమె పెదవులు కదిలేవి గానీ మాట బయటికి వచ్చేది కాదు.

ఉబ్బసం ఎక్కువై కండెలు చుట్టడం మానేశాక అక్కను మా ఇంటికి తెచ్చుకున్నాను. పట్టుదారపు నూగుకో, వయసుకో, ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినబడేవి. నోట్లో కొట్టుకునే మందు ఒకటి ఎప్పుడూ కొంగున కట్టుకుని ఉండేది. పంపు అనేది దాన్ని. ఆమెను దేవతను చేసి చెప్పను. ఊరికే పిలిచేది. "చిన్నమ్మీ, దుప్పటి యాడుండాది? చిన్నమ్మీ, ఈ కాఫీలో చక్కెర వేసినావా లేదా?" హిందూపురం నీళ్ళు బాగలేవని రోజూ అనేది. బడి నుంచి అలసి వచ్చేదాన్ని. మా ఆయన పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు, ఆయన వేళలకు వంట వేరే. కూతురు హాస్టల్లో ఉండేది. అందరూ పిలిచేవాళ్ళే. పిలుపు లేని చోటు ఒకటే ఉండేది నాకు. ప్రార్థన గది.

ఆ గది మొదట్లో నిజమే. ఇది మీరు నమ్మాలి. తెల్లవారకముందే లేచి తలుపు మూసుకుని వాక్యం చదువుకుని మోకరిస్తే, ఎదురుగా ఎవరో కూర్చుని నా మాట వింటున్నట్టు ఉండేది. లేచి వంటింట్లోకి వెళ్ళినా ఆ వినేవాడు వెంట వచ్చేవాడు. ఆ అనుభవం ఒకసారి సంఘంలో చెప్పాను. బాగా చెప్పావన్నారు. మళ్ళీ చెప్పమన్నారు. పెనుకొండలో, ధర్మవరంలో, లేపాక్షిలో స్త్రీల కూడికలకు పిలిచారు. దినదినం దేవునితో నడవడం ఎలా అన్నది నా అంశం. పాఠాలు చెప్పే గొంతు కదా, జనం కదలకుండా వినేవాళ్ళు. చెప్పేకొద్దీ లోపల తగ్గుతూ వచ్చింది. ఎప్పుడు తగ్గిందో, ఎప్పుడు పూర్తిగా ఆగిందో నాకు తెలియలేదు, ఎందుకంటే తలుపు మాత్రం రోజూ మూసుకుంటూనే ఉన్నాను, ఇల్లంతా ఆ మూసిన తలుపు చుట్టూ అడుగులు మెల్లగా వేస్తూనే ఉంది. అక్క ఇరుగుపొరుగుతో గర్వంగా చెప్పేది: "మా చిన్నమ్మి తలుపేసుకుండిందంటే ఇంట్లో చీమ గూడా కూత పెట్టగూడదు."

లోపల నేనేం చేసేదాన్ని? కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. కొన్నిసార్లు నిద్రపోయేదాన్ని. తర్వాత్తర్వాత ఫోను.

స్తోత్రాన్ని అలా వాడుకున్న రోజుకు ముందు రోజు ధర్మవరంలో కూడిక. తిరిగొచ్చి హిందూపురంలో రైలు దిగి, స్టేషను ఎదుట మందుల షాపులో అక్క మందు కొన్నాను. పాతది అయిపోవచ్చిందని ఆమె పొద్దునే చెప్పింది. ఇంటికి వచ్చేసరికి ఒళ్ళు హూనమైంది. తెచ్చావా అని అడిగింది. తెచ్చాను, బ్యాగులో ఉంది, పొద్దున ఇస్తానన్నాను. బ్యాగు తీసి ఇవ్వడానికి ఎంతసేపు? నేనే అడుగుతున్నాను, మీరు అడగక్కర్లేదు. బ్యాగు తీసుకెళ్ళి ప్రార్థన గదిలో కుర్చీ కింద పడేశాను.

తెల్లవారుజామున తలుపు మూసుకున్నాను. మా ఆయన రాత్రి షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. ఫోనులో, శబ్దం తగ్గించి, ఏదో పట్నంలో ఎవరో ఒకామె తన కొత్త వంటింటి అల్మారాలు చూపిస్తుంటే చూస్తున్నాను. పాపిష్టిది కూడా కాదు అది. అల్మారాలు. తలుపు వెనక్కి నెడితే మెల్లగా దానంతటదే మూసుకుంటుందని ఆమె చెబుతోంది.

బయట చెప్పుల చప్పుడైంది. తలుపు మీద చిన్నగా తట్టింది అక్క.

"చిన్నమ్మీ, ప్రార్థనలో ఉండావా?"

ఫోను బోర్లించాను. కాఫీకే అనుకున్నాను. లేకపోతే దుప్పటికి. అనుకున్నానా, అలా అనుకోవాలని అనుకున్నానా? ఉన్నానంటే సరిపోయేది. లేనంటే ఇంకా మంచిది. నేను రెండూ అనలేదు. గొంతు పెంచాను. "స్తోత్రం ప్రభువా... స్తోత్రం... స్తోత్రం..." ఆమెకు వినబడేటట్టు. గొంతులో కాస్త వణుకు కూడా పెట్టాను.

తలుపు అవతల ఆమె కాసేపు నిలబడింది. అప్పుడు ఆ ఊపిరి వినబడింది. పిల్లికూత. ఎప్పటికంటే సన్నగా, ఎక్కడో తెగుతున్నట్టుగా. నేను ఒప్పుకోవలసింది ఇదే. నాకు వినబడింది. వినబడలేదని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను, నిద్రలో కూడా చెప్పుకున్నాను. వినబడింది.

"సరే, చేసుకో తల్లీ," అంది అక్క. "నాకోసరం గూడా ఆయప్పకు ఒక మాట చెప్పు."

చెప్పులు దూరమయ్యాయి. నేను ఫోను తిప్పాను.

మా ఆయన వచ్చి తలుపు బాదేదాకా నేను బయటికి రాలేదు. పెరట్లో, బట్టలుతికే బండకు ఆనుకుని కూర్చుని ఉంది అక్క. పాత పంపు ఒళ్ళో పడి ఉంది. గాలి కోసం అక్కడికి వెళ్ళినట్టుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తీసుకెళ్ళడం మన తృప్తి కోసం. మందు వాడేది కాదా అని డాక్టరు అడిగాడు. అయిపోయిందేమో సార్, అన్నాడు మా ఆయన. కొత్తది మందుల షాపు కవరులోనే, నా బ్యాగులోనే ఉంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఇంటికి వచ్చినవాళ్ళతో మా ఆయన ఏడుస్తూ చెప్పాడు, "ప్రార్థనలో ఉండాదని చెల్లెల్ని పిలవకుండానే పోయిందప్పా." ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసింది అంతే. దాన్ని దిద్దవలసింది నేను. దిద్దలేదు. భూస్థాపన దగ్గర సంఘం అయ్యగారు ఆ మాటే తీసుకుని, అక్క దేవుని సన్నిధికి వెళుతున్న గడియలో చెల్లెలు కూడా దేవుని సన్నిధిలోనే ఉందన్నారు. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఎందుకేడ్చాను? అక్క పోయినందుకా, బయటపడనందుకా? ఆ రెండు ఏడుపులూ ఒకే కళ్ళలోంచి వచ్చాయి. నేను విడదీసి చూడలేను.

అక్కడితో ఆగి ఉంటే మౌనం ఒక్కటే నా తప్పయ్యేది. ఆగలేదు. కొన్ని నెలలకు పెనుకొండ కూడికలో అక్క చివరి గడియ గురించి సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. ఆ గడియలో నా గదిలో ఎన్నడూ లేని శాంతి సమాధానం నిండిందని కూడా చెప్పాను. అది నా కల్పన. చెబుతుంటే నిజంలా ఉంది. మరోచోట ఇంకో మాట చేర్చాను. నా అక్కను అమ్ముకున్నానని ఇప్పుడంటాను. అప్పుడు మాత్రం దేవుణ్ణి మహిమపరుస్తున్నాననుకున్నాను.

ఒకసారి ధర్మవరంలో కూడిక ముగిశాక ఒక అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. మగ్గం నేసే ఇంటి కోడలు. కొత్తగా నమ్ముకుంది. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, మీ సాక్ష్యం విన్నప్పట్నుంచి నేనూ పొద్దున్నే తలుపేసుకుంటాండా. మా అత్త మంచం మీద ఉండాది. పిలుస్తానే ఉంటాది. నేను పలకను. దేవుని పని అయినాకనే పోతా. మీ మాదిరే."

"పలుకు," అన్నాను.

"ప్రార్థనలో ఉన్నా గూడానా?"

"ఉన్నా గూడా. ముందు పలుకు. పోయి చూడు."

ఆమె ముఖం వాడిపోయింది. నేను పరీక్ష పెట్టి తప్పించినట్టు చూసింది. ఎందుకో చెప్పవలసిన చోటు అదే, చెప్పవలసిన మనిషి ఆమే. రైలుకు వేళైందని వచ్చేశాను. ఆ అత్త ఎలా ఉందో, పిలిస్తే పలికేవాళ్ళున్నారో లేదో, నేటికీ తెలియదు. గొంతు బాగలేదని చెప్పి అప్పటి నుంచి కూడికలు మానేశాను. అదీ అబద్ధమే.

తర్వాత చాలాకాలం ప్రార్థన లేదు. దేవుడు కోపంగా ఉన్నాడనిపించి కాదు. కోపమైతే భరించేదాన్ని. నన్ను కుదిపేసే తలపు వేరే. ఆ పొద్దు నేను గదిలో ఆయనతో లేను. మరి ఆయన ఎక్కడున్నాడు? తలుపు అవతల అక్క పక్కన నిలబడి ఉన్నాడనిపిస్తుంది. నా స్తోత్రం విని ఇద్దరూ కలిసి వెనక్కి వెళ్ళిపోయారనిపిస్తుంది.

మళ్ళీ మాట ఎలా మొదలైందో చెప్పాలి. ఒకనాడు బియ్యం కడుగుతూ, నాకు తెలియకుండానే, "ఏమప్పా, ఉండావా?" అన్నాను. నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. అప్పటి నుంచి అంతే, అలాగే. గది లేదు, వేళ లేదు. బస్సులో, బడి మెట్ల మీద, గిన్నెలు తోముతూ. ఈరోజు ఒక పిల్లను ఊరికే కసిరాను. మా ఆయన మాటను మనసులో వెక్కిరించాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. జవాబు రాదు. కానీ వినేవాడు ఉన్నట్టు కొన్నిసార్లు, కొన్నిసార్లే, తోస్తుంది. అన్నీ చెబుతాను, ఈ ఒక్కటి తప్ప. దీని దాకా వస్తాను, పక్కకు తిరిగి వేరే సంగతి ఎత్తుకుంటాను. ఆయనకు తెలుసు కదా, ఇంకేం చెప్పాలి అనుకునేదాన్ని.

మొన్న చుట్టాలొచ్చారు. మా ఆయన మళ్ళీ ఆ కథే చెప్పాడు, ఎంతో ప్రేమతో. నేను వడ్డిస్తున్నాను. గరిటె అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. కుళాయి దగ్గర నిలబడి, పైకే అన్నాను.

"ఏమప్పా, ఆ పొద్దు నేను నీతో మాట్లాడలేదు. ఫోను చూస్తా ఉంటి. అక్క పిలిచింది వినపడె. ఆయాసం వినపడె. నీ పేరు అడ్డం పెట్టి దాన్ని పంపిచ్చేస్తి. దానికోసరం నీకు ఒక్క మాట గూడా చెప్పలే."

ఏమీ జరగలేదు. హాల్లో వాళ్ళు భోంచేస్తున్నారు. నేను వెళ్ళి మజ్జిగ పోశాను.

మా ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబితే ఇన్నేళ్ళు ఆయన దాచుకున్న ఓదార్పు విరిగిపోతుంది. ఇది దయా, మళ్ళీ నా పిరికితనమా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించవలసిన మనిషి మట్టిలో ఉంది. దేవుడు క్షమించాడని వాక్యం చెబుతుందని నేనే ఎంతోమందికి చెప్పాను. నాకు మాత్రం ఆ మాట ఇంకా అందలేదు. అందకపోయినా సరే. ఆయనకు తెలుసులే అని ఇన్నేళ్ళు చెప్పకుండా ఉన్నాను. ఇప్పుడు చెప్పాను. మీకూ చెప్పాను. కొంచెం తేలిగ్గా ఉంది. ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది.