గ్యాసు వ్యాను ముందు వీరాయమ్మ

తొంభై అయిదులో పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి మంట ఆకాశానికి లేచినప్పుడు వీరాయమ్మ ఆ పక్క ఊళ్ళోనే పుట్టింట్లో ఉంది. పురిటికి వచ్చిన మనిషి. ఉడుకుతున్న అన్నం అలాగే వదిలేసి, నెలల పిల్ల దుర్గాశ్రీని చంకనేసుకుని పొలాలకి అడ్డంపడి పరిగెత్తింది. ఏడేళ్ళయినా ఆ హోరు చెవుల్లోంచి పోలేదు. అత్తారి ఊరు ఐనవిల్లిలో వాళ్ళ వీధంతా గ్యాసు పొయ్యిలు కొనుక్కున్నా, ఆవిడ మాత్రం కొబ్బరి డొక్కల పొగలో కళ్ళు నులుముకుంటూనే వండుతుంది.

అలాంటి మనిషిని భర్త నారాయణమూర్తి కొత్తపేట షెడ్డుకి తీసుకొచ్చి గ్యాసుతో నడిచే వ్యాను ముందు నిలబెట్టాడు.

ఆయన పదేళ్ళు ఒకరి కారు తోలాడు. కామందు కారు అమ్మేయడంతో పని పోయింది. పాత వ్యాను కొని, ఊళ్ళో పిల్లల్ని కాన్వెంటుకి తిప్పాలని ఆశ. ఆవిడ గాజులు అమ్మిన డబ్బుకి షెడ్డులో దొరికేవి రెండే: తెల్లది పెట్రోలు బండి, నీలంది గ్యాసు బండి.

"నీలందే తీసుకోండి బావగారూ. పెట్రోలు పోయించుకుంటే మీకేం మిగులుద్దండి, నా తలకాయా?" అన్నాడు బేరగాడు సింహాద్రి.

వీరాయమ్మ వెనక తలుపు ఎత్తి చూసింది. వెనక సీటుకి ఆనించి వంటింటి ఎర్ర సిలిండరు. ఈ సీట్లో ముందుగా కూర్చునేది దుర్గాశ్రీయే.

"భయం లేదు చెల్లెమ్మా. కారితే వాసన రాదేంటండి?"

"ఆ రోజు పాశర్లపూడిలో ఏ వాసనా రాలేదండి. నేల అదిరేకే తెలిసింది."

"అది బావి, ఇది బుడ్డి!" అని పకపకా నవ్వాడు సింహాద్రి.

ఆవిడ నవ్వలేదు. పక్కింట్లో సిలిండరు బిగించే మనిషి చేసే పని, గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు చూసిందో. షెడ్డులో నీళ్ళ పంపు దగ్గర సబ్బుముక్క తీసుకుని, అరచేతిలో నురగ చేసి, గొట్టం బిగించినచోట పూసింది. ముగ్గురూ వంగి చూశారు.

సన్నటి బుడగ ఒకటి లేచింది. పగిలింది. ఇంకోటి లేచింది.

"వాషరండి. మార్చేస్తే సరి," అన్నాడు సింహాద్రి, చేతిలో సిగరెట్టు వెనక్కి దాచేసి.

నారాయణమూర్తి మొహం పాలిపోయింది. భార్యని తెల్ల బండి వైపు నడిపించాడు.

"పెట్రోలుకే పోతాదే అంతా. ఒక్కో పిల్లకి నెలకి ఇంకో పాతిక రూపాయలు అడగాలి తల్లిదండ్రుల్ని. ఇవ్వకపోతేనో?"

ఆ భయమూ ఆవిడకి ఉంది. గాజుల్లేని చేతులకంటిన సబ్బు నురగ కొంగుకి తుడుచుకుంది.

"ఇవ్వకపోతే కొబ్బరికాయలు తోలుకుందామండి. కాయ పగిలితే ఏ తల్లీ ఏడవదు."

నారాయణమూర్తి తెల్ల బండి తాళం కోసం సింహాద్రి ముందు చెయ్యి చాచాడు.